సవరమ్మ వేలు చెప్పిన బిగువు

ఆరోగ్యస్వామి చేతిలో పడ్డ నట్టు మళ్ళీ తనంతట తాను వదులైన దాఖలా జంషెడ్‌పూర్‌లో లేదు. పద్దెనిమిదేళ్ళుగా అతను కార్ఖానాలో ఫిట్టరు. రేకుల మిల్లులో రోలర్లని పట్టి ఉంచే నట్లు నూలుపోగంత సడలినా మనుషుల ప్రాణాల మీదికొస్తుంది. అందుకని మేస్త్రీలు అతనికి నేర్పిన మొదటి మాటా చివరి మాటా ఒకటే: "కసో! ఔర్ కసో!" బిగించు, ఇంకా బిగించు. ఆ మాట చెవుల్లోంచి చేతుల్లోకి దిగిపోయింది. బారిడీహ్ క్వార్టర్లో కుళాయి అతను కట్టేస్తే భార్య జయకుమారి తిప్పలేదు, పక్కింటివాళ్ళని కేకేయాల్సిందే. పచ్చడి జాడీ మూత అతను పెట్టాడంటే ఆ పూటకి ఇంట్లో పచ్చడి లేనట్టే.

ఇలాంటి మనిషికి చేపల వేట మీద మోజు పుట్టింది. అదీ మామూలు గాలం కాదు, కర్రకి రీలు తగిలించి ఆడే వేట. ఆ మోజుకి కారణం ఒక పళ్ళచక్రం.

దల్మా కొండ కింద పెద్ద చెరువుంది. ఏటా హోలీ వెళ్ళిన ఆదివారం అక్కడ చేపల పోటీ జరుగుతుంది. నడిపేది ఆఫీసర్ల క్లబ్బు, ఆడేది ఆఫీసర్లు, గెలిచేదీ వాళ్ళే. మిగతా జనం గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టవచ్చు, దానికి అడ్డులేదు. ఆ క్లబ్బు కార్యదర్శి సన్యాల్ బాబు రీలులో ఒక పళ్ళచక్రం విరిగింది. కొత్తది ఇంగ్లండు నుంచి ఓడెక్కి రావాలంటే ఆర్నెల్లు. ఆరోగ్యస్వామి షిఫ్టు దిగాక ఇత్తడి ముక్క తీసుకుని, ఆకురాయితో నాలుగు సాయంత్రాలు అరగదీసి, అచ్చం అలాంటిదే చేసి ఇచ్చాడు. సన్యాల్ బాబు దాన్ని తిప్పి చూశాడు, వెలుతురులో పెట్టి చూశాడు, చివరికి ఫిట్టరు చెయ్యి పట్టుకుని ఊపాడు. తన దగ్గర పనికిరాదని మూల పడేసిన ఇంకో రీలు తెచ్చి అతనికిచ్చాడు. ఆ చచ్చిన రీలుని ఆరోగ్యస్వామి నెల తిరిగేలోగా బతికించాడు.

సన్యాల్ బాబు అంతటితో ఊరుకుంటే బాగుండేది. క్లబ్బు మీటింగులో లేచి, కార్మికుల్ని కూడా పోటీకి రానివ్వాలన్నాడు. పెద్ద గొడవే అయిందట. చివరికి కమిటీ ఒక మాట మీదకి వచ్చింది. ఈ ఏడాదికి ఒకే ఒక్కడు. అతను పోటీలో నిలబడి చేప పట్టి చూపిస్తే పై ఏడాది నుంచి కార్మికులకి పది పాసులు. ఉత్తి చేతులతో తిరిగొస్తే ఈ ప్రస్తావన మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఆ ఒక్కడు ఆరోగ్యస్వామి.

ఈ కబురు మిల్లంతా పాకింది. అప్పటికప్పుడే ఆ పది పాసులూ జనం మనసుల్లో పంచేసుకున్నారు. అతని జోడీ ఫిట్టరు పోలయ్య అయితే వెదురుకర్ర కోసి, నూనె రాసి, ఇంటి చూరుకింద ఆరబెట్టాడు కూడా. "గురూ, మా ప్రెస్టేజీ అంతా నీ చేతుల్లో ఉంది," అని రోజుకి నాలుగుసార్లు అంటుంటే ఆరోగ్యస్వామికి అన్నం సయించడం మానేసింది.

సయించకపోవడానికి కారణం ఉంది. సువర్ణరేఖ నది ఒడ్డున అతను రెండు ఆదివారాలు రీలు పట్టి చూశాడు. ఆ రీలులో దారం చుట్టిన గిన్నె ఒకటుంటుంది. దాని ముందు ఒక రెక్కల నట్టు. ఆ నట్టు లోపల తోలుబిళ్ళనీ ఇత్తడిబిళ్ళనీ కలిపి నొక్కుతుంది. చేప బలంగా లాగినప్పుడు గిన్నె జారి, దారం కొంచెం కొంచెంగా వదలాలి. నట్టు మరీ బిగిస్తే గిన్నె కదలదు, దారం తెగుతుంది. మరీ వదిలేస్తే దారమంతా చేప వెంట పోతుంది. ఆ మధ్యలో ఎక్కడో ఉంది సరైన చోటు. ఇదంతా ఆరోగ్యస్వామికి కొట్టినపిండి. రీలుని పదిసార్లు విప్పి కట్టినవాడు అతనే మరి. అయినా చేప తగలగానే అతని బొటనవేలూ చూపుడువేలూ అతన్ని అడగకుండా నట్టు మీదికి పోయేవి. మొదటి ఆదివారం దారం ఫట్టున తెగింది. రెండో ఆదివారం దారంతో బాటు కర్ర కొస కూడా విరిగింది.

విరిగిన కర్ర భుజాన వేసుకుని అతను ఇంటికొచ్చేసరికి, పెరట్లో అతని అత్త సవరమ్మ కోళ్ళకి నూకలు చల్లుతోంది.

సవరమ్మ భీమిలి దగ్గర సముద్రపు పల్లెలో పుట్టింది. భర్త పోయాక, మూడేళ్ళ క్రితం కూతురు జయకుమారి దగ్గరికి వచ్చేసింది. సన్నగా, నల్లగా, నిటారుగా ఉంటుంది. వాళ్ళ పల్లెలో అత్తగారు అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడటం తగని పని. ఏమైనా చెప్పాలంటే కూతురికి చెప్పాలి. కూతురు దగ్గర లేకపోతే గోడకి చెప్పాలి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె అతన్ని ఒక్కసారి కూడా నేరుగా పలకరించలేదు. జంషెడ్‌పూర్ క్వార్టర్లో రెండే గదులు. అందులో ఈ ఆచారం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. గోడకి బదులు ఈ ఊళ్ళో ఆవిడకి ఒక ఎర్రకోడిపెట్ట దొరికింది.

ఆమె విరిగిన కర్ర వైపు చూసింది. తలమీద కొంగు సర్దుకుని కోడి వైపు తిరిగింది.

"ఓలే పెట్టా, ఇన్నావా? సేపని కట్టేత్తే ఊరుకుంటాదేటి? పరిగెట్టనియ్యాల. పరిగెట్టి పరిగెట్టి అదే అలిసిపోతాది. ఈ బాబు ఆ గిన్నిని గొంతు నులిమినట్టు నులిమీసినాడు. తెగిపోదేటి మరి?"

ఆరోగ్యస్వామి గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి వెళ్ళి భార్యని అడిగాడు.

"మీయమ్మకి గాలం ఏటి తెలుసే?"

జయకుమారి నవ్వింది. "ఏటి తెలుసా? మా తాతకి కొడుకులు నేరు. ఊరంతా ఏటనుకున్నా ఇనకుండా, పెళ్ళయ్యే వరకూ అమ్మనే తెప్ప మీద కూకోబెట్టుకుని సముద్రం మీదికి తీసుకెళ్ళేవోడు. రీలూ నేదు, కర్రా నేదు. నూలుతాడు, సెయ్యి. అంతే."

పదకొండేళ్ళుగా ఇంట్లో ఉన్న ఈ సంగతి తనకి తెలియకపోవడం ఆరోగ్యస్వామికి తలకొట్టేసినట్టయింది. అడిగితే కదా తెలిసేది! ఆ రాత్రి అన్నం వడ్డిస్తున్నప్పుడు మొదటిసారి అతను సవరమ్మ చేతిని పరీక్షగా చూశాడు. కుడి చూపుడువేలి మీద, రెండో కణుపు దగ్గర, ఎప్పుడో ఎముక దాకా తెగి మానిన గాడి ఒకటి ఉంది. ఉంగరం తీసేసిన చోట ఉండే గుర్తులాగా చుట్టూ తిరిగి ఉంది.

"అది కోనాం సేప సేసిన గాయం," అంది జయకుమారి మెల్లగా. "పద్నాలుగేళ్ళప్పుడు తాడు ఏలికి సుట్టుకుని బిగబట్టిందట. అప్పట్నుంచీ మరి బిగబట్టనేదు."

మర్నాడు పొద్దున్న కూతురి ద్వారా కబురొచ్చింది. సాయంత్రం షిఫ్టు దిగాక, కర్ర బాగుచేసుకుని, రీలు పట్టుకుని మైదానానికి రమ్మని. "మీయాయనకి సెప్పు. నాను సేపనవుతాను."

బారిడీహ్ మైదానంలో ఆ సాయంత్రం నుంచి నాలుగు సాయంత్రాలు జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ మరిచిపోరు. ఒక కొసన ఆరోగ్యస్వామి కర్ర పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. రెండో కొసన సవరమ్మ, దారం చివర ఉచ్చు వేసి, ఆ గాడి ఉన్న వేలికే తగిలించుకుని నిలబడింది. అల్లుడితో మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరికీ మధ్యలో జయకుమారి నిలబడింది, అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించడానికి. చుట్టూ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళు ఆట మానేసి నవ్వడం మొదలుపెట్టారు. సవరమ్మ ఎవరినీ పట్టించుకోలేదు.

వేలితో దారాన్ని ఒక్క గుంజు గుంజింది. గిన్నె కదల్లేదు.

"ఒగ్గమను."

"అమ్మ ఒగ్గమంటంది!" అని అరిచింది జయకుమారి.

ఆరోగ్యస్వామి నట్టుని వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. ఆమె మళ్ళీ గుంజింది.

"ఇంకా ఒగ్గమను."

"ఇంకా ఒగ్గు!"

"ఒగ్గీసినాను కాదేటే! ఇంకా ఒగ్గితే ఊడి సేతిలోకొత్తాది!"

అలా పదిసార్లు. ప్రతిసారీ అతని వేళ్ళు వదలడానికి గింజుకున్నాయి. వదిలిన నట్టుని చూస్తుంటే అతనికి ఒంటిమీద బట్ట లేనట్టుగా ఉంది. చివరికి గిన్నె కర్రుమంటూ కొంచెం జారింది. సవరమ్మ తలాడించి, దారం చుట్టుకోమని చెప్పించింది. అతను చుట్టుకుంటూ చుట్టుకుంటూ, ఎవరూ చూడకుండా, అలవాటు కొద్దీ నట్టుని ఒక్క పిసరు బిగించాడు. ఆమె అరవై గజాల దూరాన అటువైపు తిరిగి ఉంది. దారం బిగిసి వేలిని లాగగానే పట్టేసింది.

"మళ్ళీ బిగించినాడు, సెప్పు."

మధ్యలో నిలబడ్డ జయకుమారి ఈ మాట అందించలేదు. పగలబడి నవ్వుతోంది. ఆరోగ్యస్వామికి సిగ్గేసింది గాని, ఆ సిగ్గుకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. మిల్లులో వెంట్రుకవాసి తేడా పట్టడానికి అతనికి గేజీలు కావాలి. ఈవిడకి ఒక వేలు చాలింది.

రెండో సాయంత్రం ఇంకో తప్పు బయటపడింది. బిగువు సరిగ్గానే ఉన్నా ఆమె మొహం చిట్లించింది. "కదలడానికి ముందు మొరాయిత్తంది. ఒక్కసారి కదిల్తే బాగానే వత్తంది గాని, ఆ మొదటి గుంజుకే తాడు తెగుతాది. లోపలేటో పట్టేత్తందని సెప్పు."

ఇక్కడ మాత్రం ఆరోగ్యస్వామి ఫిట్టరనిపించుకున్నాడు. ఇంటికొచ్చి రీలు విప్పాడు. తోలుబిళ్ళ ఎండి అట్ట కట్టింది. ఇత్తడిబిళ్ళ అంచున కంటికి కనపడని గరుకు ఉంది, గోటికి మాత్రం తగులుతోంది. అద్దం ముక్క మీద సన్న గరుకుకాయితం పరిచి, బిళ్ళని వేలితో నొక్కి గుండ్రంగా తిప్పుతూ నునుపు చేశాడు. తోలుకి గొడ్డుకొవ్వు పట్టించి, మెత్తబడేదాకా అరచేతుల మధ్య నలిపాడు. మర్నాడు మైదానంలో సవరమ్మ దారం గుంజింది. గిన్నె ఎక్కడా తడబడకుండా సన్నగా కిర్రుకిర్రుమంటూ తిరిగింది. ఆమె ఒక్కసారి తల తిప్పి రీలు వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అతనికి దొరికిన మెచ్చుకోళ్ళలో అంత గొప్పది లేదు.

ఆ రోజే ఆమె ఆగకుండా నడవడం మొదలుపెట్టింది. దారం లాక్కుంటూ మైదానం దాటి, అవతలి వేపచెట్టు దాకా వెళ్ళింది. గిన్నె మీద దారం తరిగి తరిగి సన్నబడింది. అక్కడ ఆగి కేక పెట్టింది, కూతురికే.

"దూరం ఎల్లేకొద్దీ గట్టిపడిపోతంది! ఆ నట్టు ముట్టుకున్నాడేటి?"

"ముట్టుకోనేదు!" అన్నాడు ఆరోగ్యస్వామి. నిజంగానే ముట్టుకోలేదు.

అతనికి నమ్మకం కలగలేదు. సన్యాల్ బాబు దగ్గర స్ప్రింగు కాటా అడిగి తెచ్చుకుని నాలుగో సాయంత్రం దారానికి తగిలించి చూశాడు. గిన్నె నిండా దారం ఉన్నప్పుడు రెండున్నర పౌన్ల లాగుకి జారుతోంది. పది పౌన్ల దారానికి అంతే ఉండాలని సన్యాల్ బాబు ఎప్పుడో పుస్తకంలో చదివి చెప్పాడు. ఆ పుస్తకం సవరమ్మ చూడలేదు, చూసినా చదవలేదు. ఇక వేపచెట్టు దాకా దారం పోయాక అదే నట్టు, అదే బిగువు, కాటాముల్లు నాలుగు దాటింది. దారం తరిగి చుట్టు చిన్నదైతే లాగడానికి బలం ఎక్కువ కావాలని అతనికి అప్పుడు తట్టింది. కప్పీల పని చేసినవాడు కదా! కాటా చెప్పింది ఆవిడ వేలు నిన్ననే చెప్పింది. ఆరోగ్యస్వామి ఆ కాటాని చేతిలో పట్టుకుని, వేపచెట్టు కింద నిలబడ్డ ముసలావిడ వైపు చూశాడు. ఇంత పెద్ద పనిమంతురాలు తనింట్లో మూడేళ్ళుగా కోళ్ళకి నూకలు చల్లుకుంటూ ఉంది.

రెండున్నర పౌన్ల దగ్గర నట్టు మీద సూదితో చిన్న గీత గీసుకున్నాడు.

"సగం దారం పోయినాక అరసుట్టు ఎనక్కి ఒగ్గాల," అని ఆ రాత్రి కోడిపెట్టకి పాఠం చెప్పింది సవరమ్మ. "అందరూ అప్పుడే బిగిత్తారు. దారం అయిపోతందని బయం. ఆ బయానికే తెగుతాది."

పోటీ రోజు తెల్లవారుజామున ముగ్గురూ చర్చిలో పూజ విని, అట్నుంచటే లారీ ఎక్కి చెరువుకి చేరారు. ఈస్టరు ముందరి తపస్సుకాలం. నలభై రోజులూ మాంసం ముట్టని ఇల్లు కాబట్టి చేప దొరికితే అన్నివిధాలా మంచిదేనని జయకుమారి అంది. చీటీల్లో ఆరోగ్యస్వామికి పదిహేడో నంబరు చోటు వచ్చింది. నీళ్ళలో పాత చెట్ల మోళ్ళు మునిగి ఉన్న మూల అది. ఏ ఆఫీసరూ కోరుకోని చోటు. సవరమ్మ నాలుగడుగుల వెనక, గట్టు మీద సాలచెట్టు కింద, అన్నం గంప పక్కన పెట్టుకుని, అల్లుడికి వీపు తిప్పి, కొండకేసి చూస్తూ కూర్చుంది. పోలయ్య పొద్దున్నే వచ్చి పక్కన కాపు కాశాడు.

వేయించిన ఆవచెక్కా, పిండీ, ఎర్రచీమల గుడ్లూ కలిపిన ముద్ద గాలానికి పెట్టి వేశాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదైంది. అటుపక్కా ఇటుపక్కా చిన్నాచితకా చేపలు పడుతున్నాయి. పదిహేడో నంబరులో బెండు కదల్లేదు. పోలయ్య గోళ్ళు కొరకడం మొదలుపెట్టాడు.

పదకొండింటికి బెండు ఒకసారి తలూపింది. మళ్ళీ ఊపింది. ఆ మీదట పక్కకి వాలి నీళ్ళలోకి మాయమైంది. ఆరోగ్యస్వామి కర్ర ఎత్తాడు. అవతల ఏదో ఇల్లంత బరువు తగిలింది. రీలు ఒక్కసారిగా కిర్రుమంటూ గిన్నె తిరిగిపోయింది.

"సేతివల! గుడారం కాడినుంచి సేతివల అట్టుకురా!" అని అరిచాడు. జయకుమారి కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు వెంబడి పరిగెత్తింది.

చేప చెరువు నడిమికి పోతోంది. ఆగడం లేదు. మొదటి గుంజుకి దారం తెగలేదు. కొవ్వు పట్టించిన తోలుబిళ్ళ తన పని తాను చేసింది. కానీ గిన్నె మీద దారం చూస్తూ చూస్తుండగానే తరిగిపోతోంది. సగం పోయింది. ముప్పాతిక పోయింది. కర్ర విల్లులా వంగి వణుకుతోంది. దారం అడుగున గిన్నె లోహం మెరవడం కనిపించింది.

"కసో గురూ, కసో!" పోలయ్య గొంతు పగిలేలా అరిచాడు. "దారం అయిపోతంది! కసో!"

పక్క నంబరులోని ఆఫీసరు కూడా తన కర్ర వదిలేసి వచ్చి, "కసో, కసో!" అంటున్నాడు. గట్టు మీద జనమంతా అదే మాట. పద్దెనిమిదేళ్ళుగా విన్న మాట. నాలుగు సాయంత్రాల పాఠం ఆ అరుపుల్లో ఎటు పోయిందో గాని, ఆరోగ్యస్వామి బొటనవేలూ చూపుడువేలూ నట్టు రెక్కల్ని పట్టుకున్నాయి. పది పాసులూ, పోలయ్య వెదురుకర్రా, సన్యాల్ బాబు మాటా, అన్నీ ఆ రెండు వేళ్ళ మధ్యకి వచ్చేశాయి.

వెనకనుంచి సవరమ్మ గొంతు వినిపించింది. "ఓ గంపా, ఒగ్గమని సెప్పు, ఒగ్గమని సెప్పు..." గంప ఏం చెబుతుంది? చెప్పాల్సిన జయకుమారి ఎక్కడో గుడారం దగ్గర ఉంది.

వేళ్ళు బిగించబోయాయి.

"ఒగ్గు బాబూ!"

ఆ కేక గంపకి కాదు, కోడికి కాదు, గోడకి కాదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ గొంతు తిన్నగా అతని వీపుకి తగిలింది. సవరమ్మ లేచి, ఇటు తిరిగి, కొంగు జారిపోయినా చూసుకోకుండా నాలుగంగల్లో అతని పక్కకి వచ్చేసింది.

"ఒగ్గు! అరసుట్టు ఎనక్కి! నా మాటిను బాబూ, ఒగ్గు!"

ఆరోగ్యస్వామి నట్టుని వెనక్కి తిప్పాడు. అరచుట్టు. గట్టు మీద జనం అయ్యో అన్నారు. పోలయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. గిన్నె ఇంకొంచెం తేలిగ్గా తిరిగింది. పది చుట్లు పోయింది. ఇంకో అయిదు. ఇంకో రెండు. కిర్రుమనే చప్పుడు నెమ్మదించింది. ఆగింది.

"ఇప్పుడుండు," అంది సవరమ్మ, మామూలు గొంతుతో. "దానికీ ఊపిరాడాల, నీకూ ఊపిరాడాల."

ఆపైన గంటంబావు పట్టింది. చేప లాగితే వదలడం, అలిస్తే చుట్టడం. మోళ్ళ వైపు తిరిగినప్పుడల్లా ఆమె "కర్ర ఇటు వాల్చు" అంటే అతను వాల్చాడు. దారం సగానికి పైగా గిన్నె మీదకి వచ్చాక, "ఇంక నీ గీత కాడికి ఎట్టు" అంటే పెట్టాడు. ఒడ్డుకి వచ్చాక చేప మనుషుల్ని చూసి ఇంకోసారి పారింది. గిన్నె సాఫీగా వదిలింది, తిరిగి చుట్టుకుంది. జయకుమారి వల తెచ్చి చాలాసేపైంది. అమ్మ నోటి నుంచి మొగుడికి నేరుగా పోతున్న మాటలు వింటూ, వల పట్టుకున్న సంగతే మరిచిపోయి నిలబడింది. చివరికి పోలయ్యే ఆ వల లాక్కుని మొలలోతు నీళ్ళలోకి దిగాడు.

ముప్ఫై ఒక్క పౌన్ల బొచ్చె. ఆ రోజు ఆ చెరువులో అంతకన్నా పెద్ద చేప పడలేదు. సన్యాల్ బాబు దారాన్ని వేళ్ళ మధ్య జార్చి చూశాడు. ఎక్కడా సాగలేదు, నలగలేదు.

"పది పౌన్ల దారంతో! నీకెవరు నేర్పారయ్యా ఇది?" అని హిందీలో అడిగాడు.

ఆరోగ్యస్వామి వెనక్కి తిరిగి చెయ్యి చూపించాడు. "మా అత్తగారు, సార్."

అందరూ అటు చూశారు. సవరమ్మ అప్పటికే సాలచెట్టు కిందికి వెళ్ళిపోయి, కొంగు నిండా కప్పుకుని, కొండకేసి తిరిగి కూర్చుంది. సన్యాల్ బాబు టోపీ తీసి ఆ వీపుకి నమస్కారం పెట్టాడు. కమిటీ పెద్దలు గుడారంలో కాసేపు గుసగుసలాడి బయటికొచ్చారు. లోపల ఏమనుకున్నారో గాని, పది అన్న మాట పదిగానే నిలబడింది. తడిబట్టలతోనే పోలయ్య ఆరోగ్యస్వామిని కౌగిలించుకుని గిరగిరా తిప్పాడు.

ఇంటికొచ్చాక బొచ్చె తలకాయ చింతపండు పులుసులో ఉడికింది. వాడవాడంతా వచ్చి చూసి, తిని, పొగిడి వెళ్ళారు. సవరమ్మ మాత్రం నోరు విప్పలేదు. కూతురికీ ఏం చెప్పలేదు, కోడికీ ఏం చెప్పలేదు.

"అమ్మ సిగ్గుతో సచ్చిపోతంది," అంది జయకుమారి గొంతు తగ్గించి. "అందరి ముందూ అల్లుణ్ణి కేకేసిందట. మా పల్లెలో తెలిత్తే ఏటంటారోననీసి బెంగ. మరి నీ కంట పడనంటంది."

ఆరోగ్యస్వామి చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి కూర్చున్నాడు. తనకోసం ఆవిడ వదిలేసింది ఎంత గట్టిగా పట్టుకున్న వస్తువో అతనికి అప్పుడు తెలిసింది. అరచుట్టు నట్టు వదలడానికే తనకి ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పట్టుకున్నదాన్ని ఒక్క క్షణంలో వదిలేసింది.

అతను లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఇంకా వెలుగుంది. సవరమ్మ గోడ వైపు తిరిగి పీట మీద కూర్చుని ఉంది. అల్లుడి అడుగుల చప్పుడు విని లేవబోయింది. అతను ఆమె వైపు చూడలేదు. నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చుని, ఎర్రకోడిపెట్టని పిలిచాడు.

"ఓలే పెట్టా, ఇన్నావా? మా అత్తకి సెప్పు. వచ్చే ఆదివారం సువర్ణరేఖ కాడికి ఎల్దుము. ఈసారి కర్ర ఆవిడ పట్టుకోవాల. నాను పక్కన నిలబడి ఆవిడ ఏలు సూసి నేర్చుకోవాల. ఇంకో సంగతి కూడా సెప్పు. ఆవిడ కేకెయ్యకపోతే ఆ దారం తెగిపోయేది. పది పాసులూ పోయేవి. నా పరువూ పోయేది. ఆ కేక నాను బతికున్నన్నాళ్ళూ మరిచిపోనని సెప్పు."

కోడి రెండు నూకలు ఏరుకుని, అతని మాట పూర్తయ్యేలోగానే కంచె కిందకి దూరిపోయింది. పెరట్లో ఇద్దరే మిగిలారు.

సవరమ్మ గాడి ఉన్న వేలిని రెండో చేత్తో రాసుకుంది. ఆపైన పీట తిప్పుకుని, అల్లుడి మొహంలోకి చూసింది.

"దానికెందుకు సెప్తావు బాబూ," అంది. "నానున్నాను కదా. నాకు సెప్పు."